దిగిపోయే పేసింజరు

మంగాయమ్మ ఆటో ఎక్కడం చూస్తే, ఆమె వడ్డాది వెళ్లడం లేదని దేవుడు కూడా కనిపెట్టలేడు. ముందు వంగి లోపలికి చూస్తుంది. సీటు మీద దుమ్ము కొంగుతో దులుపుతుంది. రోడ్డు మీద నిలబడ్డవాళ్లకి కనబడేలా ఎడమవైపు అంచున కూర్చుని గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుంటుంది. సంచిలో ఉండేది ఒక పాతచీర, ఒక ఖాళీ టిఫిను డబ్బా. పైన మాత్రం కరివేపాకు రెబ్బలు రెండు బయటికి కనిపిస్తుంటాయి. రెండు నిమిషాలు ఊరుకుని, "ఇంకా ఎంతసేపు బాబూ, ఇంటికాడ పనుంది" అని విసుక్కుంటుంది. ఆ విసుగులో ఎక్కడా తేడా ఉండదు. అటుగా వచ్చిన ఆడమనిషి అది విని ఆగుతుంది, లోపల తనలాంటిది ఒకతి ఉందని చూసుకుంటుంది, ఎక్కుతుంది.

ఆమె ఉద్యోగం అదే. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయిన దగ్గర్నుంచి చోడవరంలో సర్వీసు ఆటోలకి ఆడ పేసింజర్లు గగనమైపోయారు. సాయంత్రం వడ్డాది వైపు బస్సు ఐదింటికొకటి ఉంది, మళ్లీ ఏడున్నరకే. ఆ మధ్యలో షాపుల్లోంచీ ఆఫీసుల్లోంచీ వచ్చే ఆడవాళ్లే ఆటోలకి దిక్కు. నిండా మగాళ్లున్న ఆటో ఎక్కమంటే వాళ్లు ఎక్కరు. ఎక్కకపోతే పోనీ అనుకునే మనిషి కాదు స్టాండు ప్రెసిడెంటు దాసు. మోకాళ్లు పోయి చెరుకు కోతలకి పనికిరాకుండా పోయిన మంగాయమ్మని రోజుకూలికి తెచ్చి కూర్చోబెట్టాడు. ఆటో నిండేదాకా కూర్చోవాలి, నిండుతూనే దిగిపోవాలి. రోజుకి ఇరవైసార్లు వడ్డాది ఆటో ఎక్కుతున్న ఆ మనిషి ఆరు నెలల్లో ఒక్కసారి కూడా వడ్డాది వెళ్లలేదు.

ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. పనితనమంతా దిగడంలో ఉంది. ఒకసారి మందుల చీటీ మర్చిపోతుంది. ఒకసారి ఫోను చెవికి పెట్టుకుని, తమ్ముడొచ్చాడంటూ గాభరాపడుతుంది. ఏదీ కుదరకపోతే కడుపులో తిప్పుతోందంటుంది. గంటలో ఒకే అబద్ధం రెండుసార్లు ఆడితే స్టాండు పరువు పోతుందని దాసు గట్టిగా చెప్పాడు. పరువు విషయంలో దాసుకి చాలా పట్టింపు. రోజూ ఎక్కే మగాళ్లకి ఈ సంగతి తెలుసు, నవ్వుకుంటారు. కొందరు ఆడవాళ్లకీ తెలుసు. తెలిసినా తల తిప్పుకుంటారు, వాళ్లకీ ఇంటికి పోవాలి కదా.

దేవిశ్రీకి మాత్రం తెలియదు. రక్తపరీక్షలు చేసే ల్యాబులో సోమవారమే పనిలో చేరింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, మెడలో ఐడీ కార్డు ఇంకా తీయకుండానే స్టాండుకి వచ్చింది. మొదటి రోజు మంగాయమ్మ పక్కనే కూర్చుని, మీదేవూరు పిన్నీ అని అడిగింది. వడ్డాదే, సంతబయలు దగ్గర అంది మంగాయమ్మ. నోటికొచ్చిన మాట అది, పేరు ఒక్కటే నిజం చెప్పింది. ఆ రోజు ఆటోలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లుండడంతో, ఆమె మందుల చీటీ కోసం దిగిపోయినా ఏం కాలేదు.

మంగళవారం సాయంత్రం ఆరింటికి ఆ పిల్ల మళ్లీ వచ్చింది. వరసలో మొదటిది బాలు ఆటో. దేవిశ్రీ ఆటోనీ చూడలేదు, బాలునీ చూడలేదు. మంగాయమ్మని చూసి నవ్వుతూ ఎక్కి పక్కన కూర్చుంది.

"మా అమ్మకి మీ గురించి సెప్పేను పిన్నీ. వడ్డాది పిన్ని ఉంటేనే ఎక్కు, లేపోతే ఉజ్జోగం మానేసి ఇంట్లో కూకో అంది" అని చెప్పింది. చెప్పి, తన సంచిలోంచి జామకాయ తీసి చేతిలో పెట్టింది.

ఆటో నిండింది. దాసు వచ్చి పైకప్పు మీద రెండుసార్లు తట్టాడు. అది దిగమని గుర్తు. మంగాయమ్మ ఫోను చెవికి పెట్టుకుంది, తమ్ముడొచ్చాడంది, లేచింది. దేవిశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని, "మళ్లీనా పిన్నీ?" అంది. ఆ గొంతులో అనుమానం లేదు, జాలి ఉంది. మంగాయమ్మ చెయ్యి విడిపించుకుని దిగింది.

దిగిన చోట ఒకరు పట్టాలి, దాసు ఇద్దరిని తెచ్చాడు. బాలు వెనక్కి తిరిగి, సన్నంగా ఉన్నావు కదా పాపా ముందుకొచ్చెయ్ అన్నాడు. ముందు సీటంటే డ్రైవరు సీటే, అందులో సగం. ఆ సగంలో అప్పటికే ఒకడు కూర్చునున్నాడు. వాడికీ బాలుకీ మధ్య ఆ పిల్ల అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుంది. కదిలే ముందు తల తిప్పి మంగాయమ్మ కోసం చూసింది. మంగాయమ్మ అప్పటికే వెనక ఆటోలోకి వంగి సీటు దులుపుతోంది.

బుధవారం మధ్యాహ్నం స్టాండుకి విశాఖపట్నం నుంచి గౌతమి అనే అమ్మాయి వచ్చింది. ఆటోల్లో, బస్సుల్లో తిరిగే జనం దేన్ని చూసి ఎంచుకుంటారు, ఎంత తృప్తిగా ఉన్నారు అనేదాని మీద చదువుకుంటోందట. చేతిలో ట్యాబు, మొహం నిండా చెమట, మాట మర్యాద. ఆటోలో కూర్చున్న మంగాయమ్మే ఆమెకి ముందు దొరికింది. ఈ ప్రయాణంలో మీ తృప్తికి ఒకటి నుంచి ఐదు దాకా ఎన్ని మార్కులిస్తారని అడిగింది. దాసు రెండడుగుల దూరంలో నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు. మంగాయమ్మ ఐదు అంది. సీట్ల సౌకర్యానికి ఐదు, డ్రైవరు ప్రవర్తనకి ఐదు, భద్రతకీ ఐదే. ఒక్క కిలోమీటరు ప్రయాణం చెయ్యని మనిషి ఇచ్చిన మార్కులన్నీ ఆ అమ్మాయి శ్రద్ధగా నొక్కుకుంది.

నాలుగింటికల్లా నలభై రెండుమంది ఆడవాళ్లని అడిగేసింది. వెళ్లేముందు దాసుని పిలిచి, మీకు పనికొస్తుంది సార్ అని లెక్క చెప్పింది. త్వరగా వెళుతుందనో, చార్జీ తక్కువనో చెప్పినవాళ్లు ఎనిమిదిమంది. మిగతా ముప్పై నాలుగుమందీ ఒకటే చెప్పారు, లోపల ఇంకో ఆడమనిషి ఉంటే ఎక్కుతాం అని. ఇక్కడి ఆడవాళ్లకి మీ స్టాండంటే నమ్మకం బాగుంది సార్, దాన్ని కాపాడుకోండి అని చెప్పి ఆ పిచ్చితల్లి వెళ్లిపోయింది.

దాసు కాపాడుకోవడం ఆ నిమిషంలోనే మొదలుపెట్టాడు. ఒక్క మంగాయమ్మ ఏం సరిపోతుంది, వరసలో ప్రతి ఆటోకీ ఒక ఆడమనిషి ఉండాలన్నాడు. రేపటికల్లా మీ వీధిలోంచి ఒకతిని తీసుకురా, తర్వాత ఇంకో ఇద్దరిని చూద్దాం అన్నాడు. చదువుకున్నవాళ్లు లెక్కలు కడితే ఎంత ఉపయోగమో అని మెచ్చుకున్నాడు కూడా.

అప్పుడే టీ కొట్టు దగ్గర బాలు నిన్నటి కబురు చెబుతున్నాడు. ల్యాబులో పనిచేసే ఆ గుంట సగం దారిలో, వంతెన దాటాక, ఆపు ఆపు అని గోల పెట్టి దిగిపోయిందట. డబ్బులిచ్చి మరీ దిగిందట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మంగాయమ్మ టీ గ్లాసు పట్టుకుని, ఎందుకు దిగింది బాబూ అని అడిగింది.

"నాకేటి తెల్సు? గేరు మారిస్తే మోచెయ్యి తగల్దా? బ్రేకేస్తే మనిషి మీద పడ్డా? అంత సుకుమారమైతే కారు కొనుక్కోమను."

వంతెన దగ్గర్నుంచి వడ్డాది ఇంకా మూడు కిలోమీటర్ల పైమాటే. చలికాలం, ఆరున్నరకే చీకటి పడిపోతుంది. రెండు పక్కలా మనిషెత్తు చెరుకు. రోడ్డు నిండా గోవాడ ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్లు. వాటికి వెనక లైట్లుండవు. ఆ దారిలో ఆ పిల్ల ఒక్కతీ నడిచింది. మంగాయమ్మకి ఒళ్లు మండిపోయింది. ముందు బాలు మీద మండింది. వాడి నవ్వు మీద, ఆ నవ్వుకి నవ్వినవాళ్ల మీద మండింది. ముందుకి రమ్మంటే కిక్కురుమనకుండా వెళ్లి కూర్చున్నందుకు ఆ పిల్ల మీద కూడా కాసేపు మండింది. అందరినీ తిట్టుకోవడం అయ్యాక ఆ మంట తిరిగి తన దగ్గరికే వచ్చింది. టీ చల్లారిపోతే పారబోసింది.

దాసు దగ్గరికి వెళ్లి, ఆడపిల్లల్ని ముందు కూర్చోబెట్టొద్దని చెప్పింది. పదిమందిని ఎక్కడ కూర్చోబెట్టాలి, నా నెత్తి మీదా అన్నాడు దాసు. కొత్త మనిషిని తెచ్చే సంగతి చూడమన్నాడు. మంగాయమ్మ అలాగే అంది. ఆరు నెలలుగా ఆ స్టాండులో ఆమె పలికిన మాటల్లో అబద్ధాలు తీసేస్తే మిగిలేది ఆ అలాగే ఒక్కటే. ఆ సాయంత్రం ఆరు దాటినా దేవిశ్రీ రాలేదు.

పొద్దున్నే కుళాయి దగ్గర, ఎదురింటి చిన్నతల్లికి పని చెప్పింది. మొగుడు మంచం పట్టి ఉన్న చిన్నతల్లి ఏ పనికైనా సిద్ధమే. సంచి ఎలా పట్టుకోవాలో, ఎటువైపు కూర్చోవాలో, ఎప్పుడు విసుక్కోవాలో మంగాయమ్మ బిందె మీద కూర్చుని చూపించింది. చిన్నతల్లి అన్నీ విని, మరి దిగిపోవడం ఎందుకప్పా, మనల్ని చూసి ఎక్కినోళ్లు ఏమనుకుంటారని అడిగింది. మంగాయమ్మ, చెప్పింది చెయ్యవే అని కసిరింది.

గురువారం సాయంత్రం ఆరు కావస్తుండగా దేవిశ్రీ వచ్చింది. పక్కన వాళ్లమ్మ ఉంది. నలభై ఐదేళ్ల మనిషి, పొలం నుంచి నేరుగా వచ్చినట్టు మడమల దగ్గర మట్టి ఎండిపోయి ఉంది. పేరు కావేరి అని కూతురు అంతకుముందే చెప్పింది. ల్యాబులో ఇచ్చిన తెల్లకోటు తిరిగి ఇచ్చేసి వస్తున్నారు. ఆ కోటు లేని ఖాళీ కవరు దేవిశ్రీ చేతిలో మడతపడి ఉంది. బాలు ఆటోలో కూర్చున్న మంగాయమ్మ ముందు కావేరి వచ్చి నిలబడింది. అరవలేదు.

"నువ్వేనా మంగాయమ్మవి?"

అవునంది మంగాయమ్మ.

"నిన్న మా గుంటకి జొరం. నీకు సెప్దారని సంతబయలు కాడ మూడు ఈదులు తిరిగేనమ్మా. గుంట భయపడిపోయింది, రేపట్నుంచి దింపేదాకా నువ్వు కూడా ఉండమ్మా అని అడుగుదారని. మంగాయమ్మ ఇల్లేదంటే, పోయినేడు సచ్చిపోయిన మంగాయమ్మ ఇల్లు సూపించేరు."

మంగాయమ్మ నోటి దగ్గర మూడు అబద్ధాలు సిద్ధంగానే ఉన్నాయి. మందుల చీటీ, తమ్ముడు, కడుపులో తిప్పడం. వాటిలో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. ఆటోలోంచి దిగింది.

"నాది ఈవూరేనమ్మా. నేనెక్కడికీ ఎల్లను. ఆడోళ్లు ఎక్కుతారని నన్ను కూకోబెడతారు" అంది.

కావేరి ఆమెని తేరిపార చూసింది. తిడుతుందని మంగాయమ్మ ఎదురుచూసింది. తిడితే బాగుండుననీ అనుకుంది.

"నా గుంట మగోళ్లని నమ్మి ఎక్కలేదమ్మా. నిన్ను సూసి ఎక్కింది" అని మాత్రం అని, కూతురి చెయ్యి పట్టుకుని వెనక ఆటో దగ్గరికి నడిచింది.

వెనక ఆటోవాడు ఎక్కనివ్వలేదు. సీరియల్ ప్రకారం బాలుది ముందు, అది నిండి కదిలితేగానీ తను ఎక్కించుకోకూడదన్నాడు. ఇష్టమైన ఆటో ఎక్కుతాననడానికి ఇదేమన్నా సొంత బండా అన్నాడు. అది దాసు పెట్టిన రూలు. ఆ ఆటోలో ఎడమవైపు అంచున చిన్నతల్లి సంచి పట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున్న నేర్చుకున్నదంతా చక్కగా చేస్తోంది. కావేరి వంగి ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వు నిజంగా ఎల్తన్నావా, నువ్వూ ఇదేనా?"

చిన్నతల్లి మంగాయమ్మ వైపు చూసింది, ఏం చెప్పమంటావన్నట్టు. పక్కన ఎక్కబోతున్న ఒక టీచరమ్మ ఆ మాట విని, లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. ఆమె చిన్నతల్లిని చూసింది, కావేరిని చూసింది, ఇద్దరినీ ఒకేలా అనుమానంగా చూసింది.

మంగాయమ్మ ఆ వెనక్కి వెళ్లిన కాలునే చూస్తూ నిలబడింది. ఆరు నెలలుగా తను కూర్చునే పనే కదా చేస్తున్నాను, ఎవరి సొమ్మూ తినడం లేదు కదా అనుకుంటూ వచ్చింది. కంచే చేను మేసినట్టు తను తిన్నదేమిటో ఆ టీచరమ్మ కాలు చూశాక తెలిసింది. ఒక ఆడదాన్ని చూసి ఇంకో ఆడది లోపలికి అడుగుపెట్టే ఆ కాస్త ధైర్యాన్ని తను దాసుకి కూలికిచ్చింది. రేపు నిజంగా వెళ్లే ఆడదాన్ని చూసినా ఎవరూ నమ్మరు. సిగ్గు కాదు, కోపం వచ్చిందామెకి.

బాలు ఆటో దగ్గరికి నడిచి, ముందు సీటు మీద ఎవడో పరిచి పెట్టిన తువ్వాలు తీసి వాడి చేతికిచ్చి వెనక కూర్చోమంది. నొప్పి మోకాలు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని బాలు పక్కన కూర్చుంది.

"మీరు ఎనక్కూకోండమ్మా. నేను దిగను" అంది కావేరితో.

కావేరి నమ్మలేదు. నమ్మడానికి కారణమూ లేదు. కానీ బస్సుకి ఇంకా గంటన్నర ఉంది, చీకటి పడుతోంది, కూతురికి జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు. మధ్య వరసలో లోపలికి జరిగి కూతుర్ని తనకీ ఆటో గోడకీ మధ్యన కూర్చోబెట్టుకుంది. టీచరమ్మ చాలాసేపు తటపటాయించి ఎక్కింది. తర్వాత మగాళ్లు ఎక్కారు, పదిమందీ అయ్యారు.

దాసు వచ్చి పైకప్పు మీద రెండుసార్లు తట్టాడు. మంగాయమ్మ కదల్లేదు. మళ్లీ తట్టాడు. ఈసారి కొంచెం గట్టిగా. బాలు ఆమె వైపు వంకరగా చూసి గొంతు సవరించుకున్నాడు. దాసు ముందువైపుకి వచ్చి, ఇక్కడెందుకు కూర్చున్నావు, దిగు అన్నాడు లోగొంతుకతో. మంగాయమ్మ కొంగుముడి విప్పి చార్జీ డబ్బులు తీసి బాలు ముందు పెట్టింది.

"వడ్డాది బాబూ" అంది.

తాగొచ్చావా అన్నాడు దాసు. వెనక వరసలోంచి ఎవరో పకపక నవ్వి, ఎవరూ కలవకపోయేసరికి ఆపేశారు.

"పదీ నిండేయి. నిండిన బండి అయిదు నిమిషాల్లో కదలాలని నువ్వే సెప్పేవు. సీరియల్ నీదే కదా" అంది మంగాయమ్మ. గొంతు పెంచలేదు, కానీ రోడ్డు మీదవాళ్లకి వినబడింది.

వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. వాడి వెనకవాడూ కొట్టాడు. వాళ్ల బేరం ఆగిపోతోంది. పేసింజర్లెవరికీ ఎంచుకునే వీలు లేకుండా దాసు బిగించిన రూలు ఇప్పుడు వాడి మెడకే చుట్టుకుంది. డబ్బిచ్చిన మనిషిని ఇంతమంది ముందు చెయ్యి పట్టి లాగడానికి పరువు అడ్డొచ్చింది. రేపట్నుంచి స్టాండు ఛాయల్లో కనబడకని పళ్లు బిగించి చెప్పి, తియ్యరా అని బాలు మీద అరిచాడు.

ఆటో కదిలింది. ఊరు దాటగానే రోడ్డు మొదలైంది. అది రోడ్డు కాదు, గుంతల మధ్య అక్కడక్కడ మిగిలిన తారు. ఎదురుగా చెరుకు ట్రాక్టర్లు వస్తుంటే బాలు గేరు మారుస్తూ, బ్రేకులు వేస్తూ, మట్టిలోకి దించుతూ ఎక్కిస్తూ నడుపుతున్నాడు. మంగాయమ్మ పక్కకి జరగలేదు. జరగడానికి చోటు లేదు కూడా. ఒళ్లో సంచి పట్టుకుని అతని ఎడమ మోచెయ్యినే చూస్తూ కూర్చుంది. మొదటి గేరు, రెండో గేరు, మూడో గేరు. సడన్ బ్రేకు. మళ్లీ రెండో గేరు. ఆ మోచెయ్యి అతని పక్కటెముకలకి అంటుకుపోయి ఉంది. వంతెన వచ్చింది, వెళ్లింది. వంతెన మీద గోతిలో పడి బండి ఎగిరిపడితే వెనకవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. బాలు మాత్రం పడలేదు.

మంగాయమ్మ వెనకవాళ్లకి కూడా వినబడేలా అడిగింది.

"ఏం బాబూ, ఈయేళ గేర్లు మార్సినా నీ మోచెయ్యి తగల్డం లేదేటి?"

బాలు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఇంజను చప్పుడులో దేవిశ్రీ ఏడుస్తున్నట్టు తెలిసింది. ఆ రోడ్డు మీద, ఆ గుంతల్లో, వడ్డాది దాకా ఆ మోచెయ్యి మంగాయమ్మకి ఒక్కసారంటే ఒక్కసారి కూడా తగల్లేదు. తగలకుండా నడపడం ఆ వెధవకి మొదటినుంచీ వచ్చు. అది తెలిశాక మంగాయమ్మ కోపం బుధవారం నాటికంటే పదింతలైంది.

వడ్డాదిలో అందరూ దిగారు. బాలు డబ్బులు తీసుకున్నాడు, ఎవరి మొహమూ చూడలేదు. తిరిగి చోడవరానికి మంగాయమ్మని ఎక్కించుకోనని కూడా చెప్పలేదు, చెప్పకుండానే ఖాళీ బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. టీచరమ్మ రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, ఏడున్నర బస్సు వడ్డాది వచ్చి ఎనిమిదింటికి తిరిగి చోడవరం వెళుతుందని చెప్పి పోయింది. మంగాయమ్మ మూసేసిన కొట్టు అరుగు మీద మోకాలు చాపుకుని కూర్చుంది.

కావేరి ఇంకా వెళ్లలేదు. కూతురి భుజం మీద చెయ్యేసి అక్కడే నిలబడి ఉంది.

"రేపు ఆటోలో ఉంటావా?" అని అడిగింది.

ఉంటాను అనే మాట మంగాయమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. ఆరు నెలలుగా అలాంటి మాటలతోనే కదా బతికింది. అంటే ఆ తల్లి మనసు కుదుటపడుతుంది, ఆ పిల్ల రేపు మళ్లీ ల్యాబుకి వెళుతుంది. నోరు తెరిచి, మూసుకుంది.

"తెల్దమ్మా. స్టాండులోకి నన్నింక రానీరు. బైట రోడ్డు మీద నిలబడతాను. ఏ బండోడన్నా ఎక్కనిస్తే ఎక్కుతాను. ఎక్కనీపోతే నీ గుంటతోపాటు ఏడున్నర బస్సు దాకా నిలబడతాను. అంతకంటే సెప్పలేను" అంది.

కావేరి మంచిదనలేదు, క్షమించాననలేదు. దేవిశ్రీ చేతిలో ఖాళీ కవరు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. పొద్దున్నే ఆ తెల్లకోటు మళ్లీ అడిగి తెచ్చుకోమని కూతురికి చెప్పింది. తర్వాత మంగాయమ్మ వైపు తిరిగింది.

"మా గుంట ఆరింటికి బైటికొస్తాది. ఆరూ పదికి కాదు" అంది.